జలుబు మందును రక్తపోటు మాత్రయును



గడచిన మాసమున నాకు చేరిన జాబులలో ఒకటి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. ఆమె అడిగిన దిది: "మా అత్తగారు ఆరేండ్లుగా రక్తపోటునకు మాత్ర వాడుచున్నారు. చలికాలము వచ్చిన దన్న జలుబును దగ్గును తప్పవు. మందుల అంగడిలో అడిగి ఏదో యొక మాత్ర తెచ్చి యిచ్చుచుందుము. మొన్న అట్లు ఇచ్చిన మరునాడు తల దిమ్ముగా నున్నదని రోజంతయు పండుకొనిరి. ఈ రెండు మందులును కలిసినచో కీడు కలదా? ఏది ఈయవచ్చును? ఏది ఈయరాదు?"

ఈ ప్రశ్నకు పుస్తకములు చూచి మాత్రమే నేను బదులు చెప్పుట లేదు. రెండేండ్ల క్రిందట మా యింటనే ఇట్టి పొరపాటు జరిగినది. చేసినదానను నేనే. కావున ఆ సంగతి ముందుగా చెప్పెదను.

మా అత్తగారికి అప్పటికి అరువదియేడేండ్లు. దసరాల ముందు వైద్యుడు పరీక్షించి, రక్తపోటు హెచ్చుగా నున్నదని ఎనలాప్రిల్ అను మాత్రను వ్రాసి యిచ్చెను. మాత్ర చక్కగా పనిచేసినది. పై అంకె 160 నుండి 130కి దిగినది. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. కార్తికమాసమున ఆమెకు దగ్గు పట్టుకొన్నది. పొడిదగ్గు, కఫము లేదు, జ్వరము లేదు. గొంతులో ఈకతో గీచినట్లున్న దనెడివారు. రాత్రి పండుకొన్న తోడనే హెచ్చెడిది. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానము చేయుటచేతనే వచ్చినదని మేమందరము తీర్మానించితిమి. పాపము, కార్తికస్నానములకు ఆ నింద వచ్చినది.

మా పుట్టినింట దగ్గునకు శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురము వేసి కషాయము కాచుట వాడుక. నేను దినమునకు మూడుమారులు ఆ కషాయము నిచ్చితిని. నడుమ నడుమ బుగ్గను పెట్టుకొనుటకు అతిమధురపు వేరుముక్కయు ఇచ్చితిని. నెల దాటినను దగ్గు తగ్గలేదు. సంక్రాంతికి ముక్కు బిగిసి నిజమైన జలుబు కూడ వచ్చినది. మావారు అంగడిలో నడిగి ఒక మాత్రల పట్టీ తెచ్చిరి. ఉదయమొకటి, రాత్రి యొకటి. మూడవనాడు ఆమెకు నుదురు పగిలిపోవునట్టి తలనొప్పి. పొరుగింటివారి యంత్రము తెచ్చి చూడగా 184/102 ఉన్నది.

వైద్యుని యొద్దకు కొనిపోయితిమి. ఏయే మందులు వాడుచున్నారని ఆయన అడిగెను. రక్తపోటు మాత్రను, జలుబు మాత్రను చెప్పితిని. "ఇంకేమైనా ఇస్తున్నారా అమ్మా?" అని మరల అడిగెను. "ఏమీ లేదండీ, ఇంట్లో కషాయం తప్ప. అది మందు కాదు కదండీ" అంటిని. ఆయన నవ్వి, "ఇంట్లో కాచినంత మాత్రాన మందు కాకుండా పోదమ్మా. అందులో ఏమేమి వేస్తున్నారు?" అనెను. అప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు.

ఆయన చెప్పినదానిని బట్టి మా యింట మూడు పనులు ఒకదానిపై నొకటి జరిగినవి. దగ్గు పుట్టినది స్నానముచేత కాదు, రక్తపోటు మాత్రచేతనే. ఆ దగ్గునకు నే నిచ్చిన అతిమధురము రక్తపోటును పెంచినది. పెరిగిన పోటుపై అంగడి మాత్ర మరికొంత చేర్చినది.

మొదటి దానిని వివరించెదను. ఏలయన, ఇది చాల యిండ్లలో తెలియక జరుగుచున్నది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అను మందులు ఒక కుటుంబమునకు చెందినవి. మన శరీరములో రక్తనాళములను బిగియించు పదార్థము నొకదానిని పుట్టించు కిణ్వము కలదు. ఈ మందులు ఆ కిణ్వము నడ్డగించును. నాళములు సడలి పోటు తగ్గును. అయితే ఆ కిణ్వమే బ్రాడికైనిన్ అను వేరొక పదార్థమును విరుగగొట్టు పనియు చేయుచుండును. కిణ్వము ఆగినపుడు బ్రాడికైనిన్ ఊపిరితిత్తుల మార్గమున నిలిచిపోయి దగ్గు పుట్టించునని వైద్యులు తలంచుచున్నారు. ఈ మందులు వాడువారిలో సుమారు పదిమంది కొకరికి ఇట్టి పొడిదగ్గు వచ్చును. పురుషులకంటె స్త్రీలకే హెచ్చు. మందు మొదలిడిన కొలది దినములకే రావచ్చును. కొన్ని మాసములకును రావచ్చును. కావుననే దానిని మందుతో ముడిపెట్టి చూచుట ఎవరికిని తోచదు. ఏ దగ్గు మందును దీనికి పనిచేయదు. మాత్ర మార్చిననే పోవును.

ఈ ప్రిల్ కుటుంబపు పుట్టుక విచిత్రమైనది. బ్రెజిల్ దేశపు జరరాక యను విషసర్పము కరచినవారికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోవును. ఆ విషమును శోధించిన పనినుండియే 1970 తరువాతి యేండ్లలో కాప్టోప్రిల్ అను మొదటి మందు పుట్టినది. మన దేశమునను సర్పము పేరుతోనే రక్తపోటు మందొకటి ప్రసిద్ధి కెక్కినది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో సర్పగంధ వేరు రక్తపోటును తగ్గించునని ఇంగ్లండు పత్రికలో ప్రకటించెను. ఆ సర్పగంధ మందు వాడువారికి ముక్కు బిగియుట సాధారణమైన ఇబ్బంది. మందువలన ముక్కు బిగిసిన దని యెఱుగక జలుబని తలచి వేరొక మందు వేసుకొన్నవారు ఆ కాలమునను ఉండియే యుందురు.

ఇక అతిమధురము. యష్టిమధు వనియు దీనిని పిలుతురు. గొంతునకు హాయి నిచ్చు మాట నిజమే. కాని దీని తీపికి కారణమైన గ్లిసరైజిన్ అను పదార్థము మూత్రపిండములను ఏమరించి, ఒంటిలో ఉప్పును నీటిని నిలుపజేయును. పొటాషియమను లవణమును బయటికి పోగొట్టును. 2024లో స్వీడను దేశపు లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులైన యువతీయువకులకు దినమునకు 100 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారములు ఈ పదార్థ మిచ్చి చూచిరి. అంతమాత్రమునకే రక్తపోటు కొంత పెరిగినది. ఆరోగ్యవంతులకే ఇట్లయినచో రక్తపోటు కలవారి మాట చెప్పనేల? మూత్రము హెచ్చుగా పోవుటకు ఇచ్చు రక్తపోటు మాత్రలను వాడువారికి ఇది మరింత చెడుగు. ఆ మాత్రలును పొటాషియమును పోగొట్టునవే. రెండును కలిసినచో కండరములు నిస్సత్తువ యగును, గుండె లయ తప్పును. ఒకనాడు ఒక గ్రుక్క త్రాగినందున ఏమియు కాదు. వారములకొలది విడువక ఇచ్చుటలోనే అపాయ మున్నది. నేను చేసినది అదియే. శొంఠి, మిరియము, తులసి వంటలో వాడునంత మేర వేసి కాచుకొనుటకు అడ్డు లేదు. అతిమధురమును మాత్రము రక్తపోటు కలవారి కషాయమునుండి తీసివేయుడు. అంగడిలో కొను ఆయుర్వేదపు దగ్గు మందులలోను, గొంతులో చప్పరించు బిళ్ళలలోను ఇది యుండును, పట్టిక చదువుడు.

అట్టి పట్టికలలోనే కొన్నిట సోమలత యను పేరును కనబడును. వేదములలోని సోమము ఇదియే యని కొందరును, కాదని కొందరును వాదింతురు. ఆ వాదము పండితులకు విడుతము. హిమాలయములలో పెరుగు ఆ పొదలో ఎఫిడ్రిన్ అను సత్తువ కలదని మాత్రము మన మెఱుగవలయును. జపాను శాస్త్రజ్ఞుడు నగాయి 1885లో ఆ సత్తువను చీనా దేశపు అదే జాతి మొక్కనుండి వేరుచేసెను. ఊపిరి తేలికపరచును గాని గుండెను పరుగెత్తించి పోటును పెంచును.

అంగడి జలుబు మాత్రలలో నుండునవి ఈ ఎఫిడ్రిన్ తోబుట్టువులే. జలుబు చేసినపుడు ముక్కులోని సన్నని రక్తనాళములు ఉబ్బి దారి మూయును. ఈ మందులు ఆ నాళములను ముడుచుకొనజేసి ముక్కు తెరచును. కాని మింగిన మాత్రకు ముక్కు ఏది, గుండె ఏది యను వివేకము లేదు. ఒంటిలోని నాళముల నన్నిటిని ముడిచివేయును. రక్తపోటు మాత్ర తలుపులు తెరచుచుండగా ఈ మాత్ర మూయుచుండును. న్యాయముగా చెప్పవలయునన్న, పోటు అదుపులో నున్నవారికి ఒక మోతాదువలన సగటున పెరుగునది కొంచెమే. కాని సగటు అందరికి వర్తింపదు. పోటు అదుపు తప్పినవారికి, గుండెజబ్బు కలవారికి, పక్షవాతము వచ్చి తేరుకొన్నవారికి ఇది ప్రమాదము. ఈ కుటుంబములోనిదే యగు ఫినైల్ ప్రొపనోలమైన్ అను మందువలన ముఖ్యముగా స్త్రీలలో మెదడున రక్తస్రావ మగుచున్నదని అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమువారు తేల్చగా, 2000 సంవత్సరమున అచటి ప్రభుత్వము దానిని అంగళ్ళనుండి తీసివేయుడని తయారీదారులను కోరినది.

ఇంకొక మాట. మన దేశపు జలుబు మాత్రలలో ఎక్కువగా కనబడునది ఫినైలెఫ్రిన్. నోట మింగిన ఫినైలెఫ్రిన్ ముక్కు బిగింపును తగ్గించుటలో ఉత్తమాత్రకంటె మేలు కాదని అమెరికా ప్రభుత్వపు నిపుణుల సంఘము 2023 సెప్టెంబరులో ఏకగ్రీవముగా చెప్పినది. పనిచేయని మందు కొఱకు అపాయమును కొని తెచ్చుకొనుట ఎందులకు?

చిన్ననాడు మా తండ్రిగారు నాకు శబ్దములు, ధాతువులు నేర్పుచు, పదము తుదను చూచిన దాని జాతి తెలియునని చెప్పెడివారు. మందుల పేర్లకును అదియే యుపాయమని నాకు తరువాత తెలిసినది. తుదను ప్రిల్ అని యున్నవి దగ్గు తెచ్చు రక్తపోటు మందులు. సార్టన్ అని యున్నవి (టెల్మిసార్టన్, లోసార్టన్) ఆ పనినే వేరు దారిని చేయునవి. వీనితో దగ్గు అరుదు. డిపిన్ అని తుద గలవి (ఆమ్లోడిపిన్ మొదలైనవి) నాళముల గోడలను సడలించునవి. లోల్ అని యున్నవి (అటెనోలోల్, మెటోప్రొలోల్) గుండె వేగమును తగ్గించునవి. మూత్రము పోవుటకు ఇచ్చునవి పెక్కు థయజైడ్ అని ముగియును. జలుబు మందుల వైపున, తుదను ఎఫ్రిన్ గాని ఎఫిడ్రిన్ గాని యున్నచో రక్తపోటు కలవారి కీయక ముందు వైద్యుని అడుగుడు. వ్యాకరణమున వలె ఇచటను సూత్రమునకు లొంగనివి కలవు; క్లోర్తాలిడోన్ మూత్రము పోవు మందే యైనను థయజైడ్ అను తుద దానికి లేదు. ఈ జ్ఞానము ప్రశ్న అడుగుటకే గాని మందును మనమే మార్చుటకు కాదు. పట్టీ వెనుక పేర్లు ఇంగ్లీషున సన్నని అక్షరములలో నుండును. ఆ భాష రానివారు బడికి పోవు పిల్లలచేత చదివించుకొనుడు. మా యింట ఆ పని మా చిన్నది చేయును.

ముక్కులో వేయు చుక్కల మందులు పలువిధములు. జోలిన్ అని ముగియునవి (ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్) ఒంటికి ఎక్కునది తక్కువయే యైనను, రక్తపోటు కలవారు అడిగి వాడవలయును. మూడు మొదలు అయిదు దినములకు మించి వేసినచో ముక్కు మునుపటికంటె బిగియును. అప్పుడు చుక్కలు లేనిదే నిద్ర పట్టని స్థితి వచ్చును. వట్టి ఉప్పునీటి చుక్కలకు ఈ చిక్కు లేదు.

ఒళ్ళునొప్పులకు ఇచ్చు మాత్రల విషయమున నేను గట్టిగా చెప్పదలచితిని. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అనునవి ఒంటిలో ఉప్పును నీటిని నిలిపి పోటును పెంచును. ప్రిల్, సార్టన్ మందుల బలమును తగ్గించును. ప్రిల్ గాని సార్టన్ గాని, దానికి తోడు మూత్రము పోవు మందు, దానిపై ఈ నొప్పి మాత్ర, ఈ మూడును చేరినచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును. జ్వరమున నీరు త్రాగక, తిండి తినక యున్న వృద్ధులకు మరియు ప్రమాదము. జ్వరమునకు పారాసిటమాల్ మేలు. అదియు హద్దు లేక కాదు. 2022లో ఎడింబరోవారు రక్తపోటు కలవారికి దినమునకు 4 గ్రాముల చొప్పున రెండు వారములు పారాసిటమాల్ ఇచ్చి చూడగా పై అంకె సుమారు 5 పెరిగినది. రెండు మూడు దినముల జ్వరమునకు వాడుటలో భయము లేదు. జలుబు మాత్రలలో పారాసిటమాల్ ముందే కలిపియుండును; అది యెఱుగక వేరుగా మరియొక మాత్ర ఇచ్చినచో మోతాదు రెట్టింపగును.

దగ్గు పానకములలో టెర్బ్యూటలిన్ గాని సాల్బ్యూటమాల్ గాని యున్నవి ఉబ్బసపు దగ్గునకు ఉద్దేశింపబడినవి. గుండె దడ పుట్టించును. లోల్ మందులలో కొన్ని, ముఖ్యముగా ప్రొప్రనోలోల్, వీని పనిని చెఱచును. ఉబ్బసము కలవారికి పిల్లికూతలను హెచ్చించును గూడ. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఒక్కటే యున్న పానకము సాధారణముగా పోటును పెంచదు. తుమ్ములకు ఇచ్చు సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ పోటును పెంచునవి కావు గాని మగత నిచ్చును. రాత్రి లేచి నడచు ముసలివారు పడిపోకుండ చూచుకొనవలయును. మాత్ర ఒక్కటే యైనను లోపల నాలుగైదు మందులు కూర్చిన కలగలుపులే మన అంగళ్ళలో నెక్కువ. ఇట్టి అర్థములేని కూర్పులను కేంద్రప్రభుత్వము 2018లో 328, 2023లో 14, 2024లో 156 నిషేధించినది. జలుబు దగ్గు మందులు వానిలో అనేకము.

జలుబునకు క్రిమినాశకపు మాత్ర (ఆంటీబయాటిక్) తెచ్చి యిచ్చుట మరియొక దురలవాటు. జలుబు వైరసువలన వచ్చునది. ఆ మాత్రకు లొంగదు. పైగా క్లారిథ్రోమైసిన్ అను మందు ఆమ్లోడిపిన్ వంటి డిపిన్ మందులు శరీరమునుండి పోకుండ అడ్డగించును. అప్పుడు పోటు పెరుగుట కాదు, మిక్కిలి పడిపోవును.

ఇన్ని వలదంటివి, ఏమి ఈయవలయునని మీరడుగుదురు. ఆవిరి పట్టించుడు, గిన్నె ఒలికి కాళ్ళు కాలకుండ బల్లపై నిలుకడగా పెట్టుడు. ఉప్పునీట పుక్కిలింపించుడు, ఉమ్మివేయుదురు గనుక ఆ ఉప్పు ఒంటికి పట్టదు. మధుమేహము లేనివారికి గోరువెచ్చని నీట ఒక చెంచా తేనె ఈయవచ్చును. నుదుటికి కొంచెము అమృతాంజనము రాయుటకు అడ్డు లేదు. తలగడ ఒకటి హెచ్చు వేసి పండుకొనబెట్టుడు. పథ్యమని పేరు పెట్టి జ్వరపడినవారికి ఊరగాయ మాత్రమే వేసి అన్నము పెట్టుట మన ఆచారము. ఆ ఊరగాయలోని ఉప్పు ఎంతయో తలంచుడు. చారన్నము చాలును. జలుబు సాధారణముగా వారము పదిదినములలో దానియంతట అదియే పోవును.

జలుబు మందు వేయుచున్నాము గదా యని రక్తపోటు మాత్రను మానిపింపవలదు. కొన్ని మాత్రలు, క్లోనిడిన్ వంటివి, హఠాత్తుగా మానినచో పోటు ఎగసిపోవును. అయితే వాంతులు, విరేచనములు, తీవ్రజ్వరము వచ్చి నీరు నిలువనపుడు మూత్రము పోవు మందునుగూర్చి ఆనాడే వైద్యుని అడుగుడు. జలుబు దినములలో ఉదయము సాయంకాలము పోటు చూచి వ్రాసిపెట్టుడు. అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చున్న తరువాత చూడవలయును. 180/120 దాటి, గుండెనొప్పి గాని, ఊపిరాడకపోవుట గాని, మాట తడబాటు గాని, ఒకప్రక్క కాలుసేయి పట్టుతప్పుట గాని యున్నచో ఇంట వైద్యము చేయుచు కూర్చుండక 108కి పిలువుడు. ప్రిల్ మందు వాడువారికి పెదవులు, నాలుక వాచినను అట్లే చేయుడు. రెండు వారములు మించిన దగ్గు ఏదైనను మాత్రవలన దని మనమే తీర్మానింపక, కఫపరీక్ష చేయించుకొనుట మంచిది. క్షయయు అట్లే మొదలగును.

మా అత్తగారికి వైద్యుడు ఎనలాప్రిల్ మాన్పించి టెల్మిసార్టన్ వ్రాసెను. జలుబు మాత్రను, నా కషాయమును నాడే ఆపితిమి. పోటు నెమ్మదిగా రెండు మూడు వారములలో దిగినది. అతిమధురపు ప్రభావము మానిన వెంటనే పోదట. దగ్గు నాలుగవ వారమునకు పూర్తిగా పోయినది. మరుసటి యేడు కార్తికమున ఆమె నెలంతయు తెల్లవారుజాముననే స్నానము చేసిరి. ఒక్క దగ్గయినను లేదు. "చూశావా అమ్మాయీ, నా స్నానాలదేం తప్పు లేదు" అని నాతో రెండుమూడు మారులు అనిరి.

జాబు వ్రాసిన సోదరికి: మీ అత్తగారి రక్తపోటు మాత్ర పేరు మీరు వ్రాయలేదు. ఆ పట్టీని, మొన్న ఇచ్చిన జలుబు మాత్ర పట్టీని, ఇంటి కషాయములో వేయు దినుసుల జాబితాను మూటగట్టి వైద్యునియొద్దకు కొనిపొండు. తల దిమ్ము పోటు పెరిగి వచ్చినదో, తగ్గి వచ్చినదో, మగత మందువలన వచ్చినదో కొలిచి చూడక చెప్పవీలులేదు. మధుమేహము కలవారికి తియ్యని దగ్గు పానకముల సంగతి ఇంకొక సోదరి అడిగియున్నది; దానిని వచ్చు సంచికలో వ్రాసెదను.